పాత ఇంటి కాంక్రీటును కొత్త ఇంట్లో ఎక్కడ వాడాలి?

ప్రశ్న: ఉప్పల్ దగ్గర మాకు రెండు వందల గజాల స్థలంలో 1984లో మా మామగారు కట్టించిన ఇల్లు ఉంది. కింద వెయ్యి, పైన వెయ్యి చదరపు అడుగులు. తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీద స్లాబు. వీధిలో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో ఇల్లు పల్లంలో పడి, వాన వస్తే నీళ్లు వరండాలోకి వస్తున్నాయి. అందుకే దాన్ని పడగొట్టి, మూడడుగుల బేస్‌మెంటు మీద రెండంతస్తుల ఇల్లు పిల్లర్లతో కట్టుకోవాలనుకుంటున్నాం. పాత కాంక్రీటునే కంకర కొట్టించి కొత్త స్లాబుకు వాడాలని మా అబ్బాయి పట్టుదలగా ఉన్నాడు. మేస్త్రి మాత్రం "చచ్చిన కాంక్రీటుతో పిల్లర్లు పోస్తే నా పూచీ లేదు" అంటున్నాడు. ఈ మధ్యలో కాంట్రాక్టరు రీసైకిల్ కంకర తక్కువ ధరకు తెప్పిస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలి? మా ఇంటి శిథిలాలను మేమే వాడుకునే దారి ఉందా?

— ఒక పాఠకురాలు, ఉప్పల్

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి ఉద్దేశం సరైనదే, అయితే ఆయన ఎంచుకున్న చోటు సరైనది కాదు. పిల్లర్ల విషయంలో మేస్త్రి జాగ్రత్త సమంజసమే కాని, ఆయన చెప్పిన కారణం నిజం కాదు. మీ ఇంటి శిథిలాల్లో చాలా భాగాన్ని మీ కొత్త ఇంటి కిందే, నేలలోనే సురక్షితంగా వాడుకోవచ్చు. స్లాబుకూ పిల్లర్లకూ మాత్రం, కొన్ని షరతులు నెరవేరితే తప్ప, మామూలు కంకరే వాడమని నా సలహా. ఇలా ఎందుకు అంటున్నానో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే పని జరిగే చోట మీరే నిలబడి నిర్ణయాలు తీసుకోగలుగుతారు.

పాత కాంక్రీటును పగలగొడితే వచ్చే ముక్కలో రెండు వస్తువులు ఉంటాయి: ఒకటి అప్పట్లో వేసిన నల్లరాతి కంకర, రెండోది దాన్ని అంటిపెట్టుకుని ఉన్న సిమెంటు-ఇసుక పొర. రాయి చావదు, నలభై ఏళ్ల కిందట ఎంత గట్టిగా ఉందో ఇప్పుడూ అంతే గట్టిగా ఉంటుంది. తేడా అంతా దానికి అంటుకుని ఉన్న ఆ పాత పొరలో ఉంది. ఆ పొరలో సన్నని రంధ్రాలు ఎక్కువ, అది రాయి కంటే తేలిక, రాయి కంటే మెత్తన. మన నల్లరాతి కంకర తన బరువులో ఒక శాతం నీటిని కూడా పీల్చుకోదు. కాంక్రీటు పగలగొట్టి తీసిన కంకర సాధారణంగా నాలుగైదు శాతం, నాసిరకమైతే అంతకంటే ఎక్కువ పీల్చుకుంటుంది. ఎండిన రీసైకిల్ కంకరను నేరుగా మిల్లరులో వేస్తే, సిమెంటు గట్టిపడటానికి పోసిన నీటిని అది తాగేస్తుంది, కాంక్రీటు బిగుసుకుపోతుంది, పోయడానికి వీలుగా లేదని కూలీలు పైపు తిప్పి మరికొంత నీళ్లు పోస్తారు. బలం పోయేది ఎక్కువగా అక్కడే. రీసైకిల్ కంకరను ముందు రోజే తడిపి ఉంచి, పైతడి ఆరాక వాడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. అయినా కంకర మొత్తాన్నీ మార్చేస్తే కాంక్రీటు ఆరేటప్పుడు ఎక్కువగా కుంచించుకుపోతుంది, బరువు కింద కొంచెం ఎక్కువగా వంగుతుంది. స్లాబుల్లోనూ బీముల్లోనూ ఈ రెండు గుణాలూ పగుళ్లకు దారితీస్తాయి.

ఈ కారణాల వల్లే మన దేశపు ప్రమాణం దీన్ని కొలతలు పెట్టి అనుమతించింది. కంకర, ఇసుకలకు వర్తించే ఐఎస్ 383 ప్రమాణం 1970 నాటి రూపంలో ప్రకృతి నుంచి నేరుగా లభించే రాయి, ఇసుకల గురించే మాట్లాడింది. 2016లో సవరించినప్పుడు రీసైకిల్ కంకరకు చోటిచ్చింది. అందులో రెండు రకాలను స్పష్టంగా వేరుచేశారు. మొదటిది కేవలం కాంక్రీటును పగలగొట్టి తీసినది. దీన్ని ఇనుము లేని సాదా కాంక్రీటులో కంకరకు బదులుగా 25 శాతం వరకు, ఇనుము వేసే కాంక్రీటులో 20 శాతం వరకు వాడవచ్చు. ఇనుము వేసే చోట అది కూడా ఎం25 గ్రేడు దాటకూడదు (ఎం పక్కన అంకె కాంక్రీటు బలాన్ని చెబుతుంది, అంకె పెరిగితే బలం పెరుగుతుంది). ఎం15 కంటే తక్కువ బలం చాలిన బెడ్డు కాంక్రీటులో, అంటే ఫ్లోరింగు కింద, పునాదుల కింద అడుగు పొరగా వేసే దానిలో, నూటికి నూరు శాతం వాడవచ్చు. రెండోది ఇటుక, గార, టైల్సు, కాంక్రీటు అన్నీ కలిసిన శిథిలాల నుంచి తీసినది. దీన్ని బెడ్డు కాంక్రీటులోనే అనుమతించారు. స్లాబు, పిల్లర్ల సంగతి అటుంచి, మామూలు సాదా కాంక్రీటులో కూడా దీనికి చోటు లేదు. మీ కాంట్రాక్టరు "రీసైకిల్ కంకర" అన్నప్పుడు ఈ రెండింటిలో ఏదో చెప్పలేదు. మీరు ఆయన్ను అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. నాలుగున్నర అంగుళాల మందంతో వెయ్యి చదరపు అడుగుల స్లాబులు రెండు అంటే దాదాపు 750 ఘనపుటడుగులు, అంటే 21 ఘనపు మీటర్లు, సుమారు 50 టన్నుల కాంక్రీటు. గోడల కొలతలు మీరు రాయలేదు. ఆ పరిమాణపు ఇళ్లలో తొమ్మిదంగుళాల గోడలు రెండంతస్తులకూ కలిపి దాదాపు 2,800 ఘనపుటడుగులు ఉంటాయనుకుంటే అది 150 టన్నుల ఇటుక, సిమెంటు గార. అంటే మీ శిథిలాల్లో నాలుగింట మూడు వంతులు కాంక్రీటే కాదు. అబ్బాయి గారికి ఈ లెక్క ఒకసారి చూపించండి. పిల్లర్లతో కట్టే కొత్త ఇళ్లు పడగొట్టినప్పుడు ఈ నిష్పత్తి మారుతుంది కాని, గోడల మీద స్లాబు ఆనే మీలాంటి పాత ఇళ్లలో ప్రధానమైన ప్రశ్న కాంక్రీటును ఏం చేయాలన్నది కాదు, ఇటుకను ఏం చేయాలన్నది.

దానికి జవాబు మీ లేఖలోనే ఉంది. మీరు మూడడుగుల బేస్‌మెంటు లేపుతున్నారు. పన్నెండు వందల చదరపు అడుగుల మేర, పైన వచ్చే బెడ్డు, ఫ్లోరింగు మందం తీసేస్తే రెండున్నర అడుగుల ఎత్తు నింపాలి. అది 3,000 ఘనపుటడుగులు, అంటే 85 ఘనపు మీటర్లు. మామూలుగా దీన్ని మొరంతో నింపుతారు. ఆ మొరం కోసం నగరం చుట్టూ ఎక్కడో ఒక గుట్టను తవ్వుతారు. అదే వారంలో మీ ఇటుక ముక్కలు రాత్రిపూట టిప్పరెక్కి ఏ చెరువు ఒడ్డుకో, మూసీ పక్కకో చేరతాయి. ఒకే ఇంటి కోసం గుట్ట ఒకవైపు తరుగుతూ, చెరువు ఇంకొకవైపు పూడుతూ ఉండటం నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం. మీ ఇంట్లో ఈ రెండింటినీ ఆపే అవకాశం ఉంది, ఎందుకంటే మీ దగ్గర ఉన్న శిథిలాలు ఆ ఖాళీని నింపడానికి సరిపోతాయి, మిగులుతాయి కూడా.

అయితే ఫిల్లింగు అంటే శిథిలాలను కుమ్మరించి పైన చదును చేయడం కాదు. పెద్ద గడ్డల మధ్య ఖాళీలు ఉండిపోతే రెండు మూడు వానాకాలాల్లో మట్టి ఆ ఖాళీల్లోకి జారి, పైనున్న టైల్సు దిగిపోతాయి. ప్రతి ముక్కనూ అరచేతిలో ఇమిడేంత, అంటే మూడంగుళాలకు మించకుండా కొట్టించండి. సన్నని ముక్కలు, పొడి కూడా అందులోనే ఉండనివ్వండి. అవే ఖాళీలను పూడుస్తాయి. అది చాలకపోతే మూడింట ఒక వంతు మొరం కలపండి. ఆరంగుళాలకు ఒక పొర చొప్పున పరచి, తడిపి, ప్లేట్ కాంపాక్టరుతో, అది దొరకకపోతే దిమ్మిసతో గట్టిగా కొట్టించి, ఆ తరువాతే పై పొర వేయించాలి. రెండున్నర అడుగులకు ఐదు పొరలు వస్తాయి. మేస్త్రులు దీన్ని రెండు పొరల్లో ముగించేయాలని చూస్తారు. ఆ రోజుల్లో మీ ఇంటి వారెవరైనా అక్కడే ఉండటం మంచిది.

ఈ ఫిల్లింగు గదుల నేల కిందకు మాత్రమే. ఫుటింగులు, అంటే పిల్లర్ల అడుగున వేసే పునాది దిమ్మెలు, ఎట్టి పరిస్థితిలోనూ దీని మీద ఆనకూడదు. అవి ఇంజనీరు చెప్పిన లోతుకు, కదలని అసలు నేలలోకి దిగాలి. పాత ఇంటి పునాది రాళ్లు తవ్వి తీసిన గుంతలు కొత్త ఫుటింగుల కిందికి వచ్చే చోట్ల ఇంజనీరును తప్పకుండా పిలిచి చూపించండి.

ఫిల్లింగులో కలవకూడని వస్తువులు కొన్ని ఉన్నాయి. చెక్క ముక్క ఒక్కటి ఉన్నా చెదలను పిలిచినట్టే; చెక్క, కాగితం, గుడ్డ, ప్లాస్టిక్ పూర్తిగా ఏరేయాలి, ఫిల్లింగు పూర్తయ్యాక బెడ్డు వేయకముందు చెదల మందు కొట్టించాలి. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సీలింగు ముక్కలు ఉంటే వాటి విషయంలో ఇంకా కఠినంగా ఉండండి. పీఓపీ జిప్సం నుంచి తయారైనది. అది తడిస్తే అందులోని సల్ఫేటు సిమెంటులోని పదార్థాలతో కలిసి ఉబ్బే గుణమున్న కొత్త పదార్థంగా మారుతుంది, దానితో పైన వేసిన బెడ్డు లేచి పగులుతుంది. పాత గోడల అడుగు వరుసల్లో తెల్లగా ఉప్పు పేరి, గార రాలిపోతున్న ఇటుకలు ఉంటే వాటినీ పక్కన పెట్టించండి. ఆ ఉప్పు కొత్త గోడలకు ఎక్కుతుంది. సెప్టిక్ ట్యాంకు గోడలు పగలగొట్టిన ఇటుకలు కూడా అంతే. మేడ మీద షెడ్డుకు ఆస్బెస్టాస్ రేకులు వేసి ఉంటే వాటిని పగలగొట్టనివ్వకండి. తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు కాకుండా దింపి, విడిగా అప్పగించాలి. ఆ రేకుల పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణాంతకమైన జబ్బులకు కారణమవుతుంది, అది రేకులు విరిచే కూలీలకే మొదట తగులుతుంది.

ఇక 50 టన్నుల కాంక్రీటు విషయం. దీన్ని 40 ఎంఎం, 20 ఎంఎం కంకరగా కొట్టించాలంటే క్రషరు కావాలి. ఒక్క ఇంటి కోసం వీధిలోకి క్రషరు తెప్పించడం ఖర్చు రీత్యా కుదరదు, చుట్టుపక్కల వారికి దుమ్ము, మోత. మనుషులతో కొట్టించడం ఆ పరిమాణానికి న్యాయం కాదు. మీకు కలిసొచ్చే సంగతి ఏమిటంటే, నాగోల్ పక్కన ఫతుల్లాగూడలో నిర్మాణ వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం మీకు దగ్గరలోనే ఉంది. హైదరాబాద్ నగరంలో ఇలాంటి మొదటి కేంద్రం 2020 నవంబరులో జీడిమెట్లలో మొదలైంది, ఆ తరువాత ఫతుల్లాగూడలో వచ్చింది. ఒక్కోదాని సామర్థ్యం రోజుకు 500 టన్నులు. అక్కడ శిథిలాలను ఏరి, పగలగొట్టి, జల్లించి సైజుల వారీగా కంకర, ఇసుక తీస్తారు, పేవర్లు కూడా తయారుచేస్తారు. మీ కాంక్రీటు గడ్డలను విడిగా అక్కడికి పంపి, మీకు కావలసిన సైజు కంకరను అక్కడి నుంచే తెచ్చుకోవడం మంచి పద్ధతి. ఇటుక ముక్కలు ఇంట్లోనే ఉండిపోతాయి, కాంక్రీటు మాత్రం వెళ్లి వస్తుంది.

అలా తెచ్చిన కంకరకు మీ ఇంట్లో మూడు చోట్లు ఉన్నాయి. మొదటిది, ఇటుక ఫిల్లింగు మీద, బెడ్డు కింద, పొడి లేని 40 ఎంఎం కంకర ఆరంగుళాల మందం పొర. నలిగిన ఇటుక నేలలోని చెమ్మను దీపపు వత్తిలాగా పైకి లాగుతుంది. మధ్యలో పొడి లేని కంకర పొర ఉంటే ఆ దారి తెగిపోతుంది. వరండాలోకి నీళ్లు వచ్చిన ఇంటికి ఇది చాలా అవసరం, దీన్ని నేను చెప్పిన ఐదు పొరల్లో పై పొరగా లెక్కించుకోండి. రెండోది, దాని మీద నేలంతా వేసే నాలుగంగుళాల బెడ్డు. సిమెంటు ఒకటి, ఇసుక నాలుగు, కంకర ఎనిమిది పాళ్లలో కలిపే బెడ్డు కాంక్రీటు బలం ఎం15 కంటే చాలా తక్కువ కనుక కంకర మొత్తం రీసైకిల్‌ది కావచ్చు. మూడోది, ఫుటింగుల కింద వేసే పీసీసీ, అంటే ఇనుము లేని అడుగు పొర. దాని బలం ఎం15 కంటే తక్కువైతే ఇక్కడ కూడా నూరు శాతానికి ప్రమాణం ఒప్పుకుంటుంది; నా మటుకు నేను ఈ చోట ఇటుక కలిసిన కంకర వద్దంటాను, కాంక్రీటు నుంచి తీసినదే వేయించండి. ఈ మూడింటికీ కలిపి సుమారు 45 టన్నుల కంకర పడుతుంది. మీ పాత స్లాబులు రెండూ దాదాపుగా మీ కొత్త నేల కిందికే చేరినట్టవుతుంది.

మీ అబ్బాయి అడిగే ప్రశ్న నాకు తెలుసు: ప్రమాణం స్వయంగా 20 శాతం అనుమతించినప్పుడు స్లాబులో ఎందుకు వద్దు? దీనికి రెండు కారణాలు చెబుతాను. ఒక ఘనపు మీటరు కాంక్రీటులో కంకర సుమారు 1,100 నుంచి 1,200 కిలోలు ఉంటుంది. అందులో 20 శాతం అంటే 220 నుంచి 240 కిలోలు. మీ ఇంటికి ఫుటింగుల నుంచి పై స్లాబు దాకా 90 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుందనుకుంటే, అంతా కలిపి దాచగలిగేది 20 టన్నుల రాయి. ఆ 20 టన్నుల కోసం ప్రతిసారీ కంకర తడపడం, తేమ కొలవడం, పాళ్లు సరిచేయడం, క్యూబులు, అంటే నమూనా దిమ్మెలు, పోసి బలం పరీక్షించడం అన్నీ తప్పకుండా జరగాలి. సైటులో మిల్లరు పెట్టి, తట్టలతో కొలిచి పోసే చోట ఇవన్నీ క్రమం తప్పకుండా జరుగుతాయని నమ్మి పిల్లర్లను పణంగా పెట్టలేం. నేల కిందైతే 150 టన్నులకు పైగా, ఎవరి ప్రాణానికీ ముప్పు లేకుండా సర్దుకుంటుంది.

రెండో కారణం పర్యావరణానికి సంబంధించినదే. కాంక్రీటు వల్ల గాలిలో చేరే కార్బన్ డయాక్సైడులో సింహభాగం సిమెంటు నుంచి వస్తుంది, కంకర నుంచి కాదు. సున్నపురాయిని కాల్చినప్పుడు రాతిలోంచి వెలువడేది కొంత, బట్టీ ఇంధనం నుంచి వచ్చేది కొంత. మామూలు ఓపీసీ సిమెంటు బస్తా ఒకటి, అంటే 50 కిలోలు, తయారయ్యేసరికి దాదాపు 40 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. ఒక టన్ను కంకరను క్వారీలో తవ్వి పగలగొట్టడంలో వెలువడేది దానిలో చిన్న భాగమే. కొత్త రకం కంకర చూసి భయపడిన మేస్త్రి, భద్రత కోసమని ఘనపు మీటరుకు ఒక బస్తా సిమెంటు ఎక్కువ వేశాడంటే, రీసైకిల్ కంకర వల్ల ఆదా అయిన కార్బన్ అంతా పోయి, అంతకు చాలా రెట్లు ఎక్కువ చేరుతుంది. రీసైకిల్ కంకరతో మనం కాపాడేది ముఖ్యంగా గుట్టలను, చెరువులను, లారీలు తిరిగే దూరాన్ని. కార్బన్ తగ్గించాలన్నది కూడా మీ అబ్బాయి లక్ష్యమైతే, ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రాల బూడిద) కలిసిన పీపీసీ సిమెంటు గాని, స్లాగు (ఇనుము కరిగించగా మిగిలే చిట్టెం) కలిసిన పీఎస్‌సీ గాని వాడమని, స్లాబుకు నీళ్ల క్యూరింగు మరికొన్ని రోజులు ఎక్కువ చేయమని చెప్పండి. దానివల్ల కలిగే మేలు 20 శాతం కంకర వల్ల కలిగే దానికంటే ఎక్కువ.

అయినా స్లాబులో వాడాలన్న ఆశ ఆయనకు తీరకపోతే ఒక మార్గముంది. రెడీమిక్స్ ప్లాంటు వారు రీసైకిల్ కంకరతోనే మిక్స్ డిజైను, అంటే పాళ్ల లెక్క, చేయించి, ఎం25కు ఏడు రోజుల, ఇరవై ఎనిమిది రోజుల క్యూబ్ ఫలితాలు చూపించి, మీ స్ట్రక్చరల్ ఇంజనీరు వాటిని చూసి సంతకం చేస్తే, స్లాబుల్లో 20 శాతం వరకు వాడవచ్చు. పిల్లర్లను అప్పటికీ వదిలేయమంటాను. అందులో ఆదా అయ్యేది మరీ కొద్ది.

ఈ లేఖ చదివే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వారికి ఒక మాట. ఇనుము వేసే కాంక్రీటుకు ఐఎస్ 456:2000 ప్రమాణం సముద్రతీర వాతావరణానికి తెరిచి ఉండే కాంక్రీటు కనీసం ఎం30 ఉండాలంటుంది. రీసైకిల్ కంకరకు అనుమతి ఎం25తో ఆగిపోతుంది. అంటే సముద్రపు గాలి నేరుగా తగిలే స్లాబు, బాల్కనీ, పిల్లర్లకు అక్కడ ఈ ప్రశ్నే లేదు. పైగా తీరంలో పడగొట్టిన పాత ఇళ్ల కాంక్రీటులో ఉప్పు దిగి ఉండవచ్చు కనుక, ఇనుము ఉన్న ఏ పనికీ దాన్ని దగ్గరకు రానివ్వకూడదు.

పేవర్లు, కాంపౌండు గోడ బ్లాకుల విషయంలో సంకోచం అక్కరలేదు. పిల్లర్ల మధ్య నింపే గోడలు ఇంటి బరువు మోయవు కనుక రీసైకిల్ కంకరతో చేసిన బ్లాకులు వాటికీ పనికొస్తాయి. ఢిల్లీలో సుప్రీంకోర్టు అదనపు భవన సముదాయంలోనే శిథిలాల నుంచి తయారైన బ్లాకులను వాడారు. కారు నిలిపే చోట వేసే పేవర్లకు మాత్రం ఐఎస్ 15658 ప్రకారం చేసిన బలం పరీక్ష నివేదిక అడిగి తీసుకోండి. ఇంకుడు గుంతలో మాత్రం ఈ కంకర వేయకండి. పాత సిమెంటు నుంచి సున్నం కరిగి నీటిలో దిగుతుంది, పొడి రాలి గుంత పూడుకుపోతుంది. అక్కడ శుభ్రమైన నల్లరాతి కంకరే మేలు.

నేను ఇప్పటిదాకా చెప్పినదంతా పడగొట్టే రోజున శిథిలాలు విడివిడిగా ఉంటేనే సాధ్యం. ఒకసారి కలిసిపోయిన కుప్పను తిరిగి వేరుచేయడం ఎవరివల్లా కాదు, అది ఫిల్లింగుకు కూడా పనికిరాకుండా పోవచ్చు. ఇల్లు పడగొట్టే వారికి సాధారణంగా ఇనుము, తలుపులు, కిటికీల మీదే ధ్యాస. మిగిలినదంతా వారి దృష్టిలో చెత్త. అందుకే ఒప్పందంలోనే వరుస రాయించండి. మొదట తలుపులు, కిటికీలు, వైర్లు, పైపులు, పింగాణీ సామాను, సీలింగులు, రేకులు. తరువాత నేల మీది కడప బండలు, షాబాద్ బండలు చెక్కుచెదరకుండా ఊడదీయాలి. అవి పెరట్లోనో మేడ మెట్లకో అక్కరకొస్తాయి. ఆ తరువాత పై స్లాబు, ఆ గడ్డలన్నీ ఒకవైపు. పై గోడలు ఇంకొకవైపు. మళ్లీ కింది స్లాబు, కింది గోడలు. 1984 నాటికి సిమెంటు గార వాడి ఉంటారు గనుక నిండు ఇటుకలు ఎక్కువ రావు, కాని వచ్చినవాటిని గార గీకించి కాంపౌండు గోడకు దాచండి. స్లాబు మీద చల్లదనం కోసం వేసిన సున్నపు పొర, తారు షీట్లు ఉంటే స్లాబు పగలగొట్టకముందే చెక్కించేయాలి. పని జరిగినంతసేపూ నీళ్లు చల్లిస్తూ ఉండాలి, కూలీలకు మాస్కులు మీరే కొనివ్వండి.

స్లాబులోంచి తీసిన ఇనుపచువ్వలను సాగదీసి కొత్త పిల్లర్లలో పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వంచి సాపు చేసిన చువ్వ లోపల దెబ్బతిని ఉంటుంది. దాన్ని పాత ఇనుముకు అమ్మేస్తే కరిగి మళ్లీ చువ్వే అవుతుంది, ఆ రీసైక్లింగు మన దేశంలో ఎప్పటి నుంచో చక్కగా సాగుతోంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. నిర్మాణ వ్యర్థాలపై కేంద్రం 2016లో చేసిన నియమాలు రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటి వ్యర్థం వచ్చేవారు కాంక్రీటు, మట్టి, ఇటుక-గార, మరోవైపు ఇనుము-చెక్క-ప్లాస్టిక్ అని నాలుగుగా వేరుచేయాలన్నాయి. వాటి స్థానంలో 2025లో నోటిఫై చేసిన కొత్త నియమాలకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టారు. వాటిలోని పెద్ద బాధ్యతలు 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు. మీది చిన్న ఇల్లు. కాని చిన్న ఇల్లయినా శిథిలాలను రోడ్డు మీద, నాలాలో, చెరువులో వేయడం నేరమే, ఆ టిప్పరు మీది కాకపోయినా వ్యర్థం మీది. మిగిలిన ప్రతి లోడుకూ శుద్ధి కేంద్రం ఇచ్చే తూకం రసీదు మీ చేతికి వచ్చాకే కాంట్రాక్టరుకు చివరి చెల్లింపు చేస్తామని ఒప్పందంలో రాసుకోండి.

ఇక కాంట్రాక్టరు తెస్తానన్న చౌక కంకర. అది ఏ కేంద్రం నుంచి వస్తోంది, కాంక్రీటు నుంచి తీసినదా కలగలుపుదా, నీటిని ఎంత పీల్చుకుంటుందన్న నివేదిక ఉందా అని అడగండి. ప్రమాణం ప్రకారం నీటిని పీల్చుకోవడం ఐదు శాతం దాటకూడదు; ముందే తడిపి వాడే షరతు మీద రీసైకిల్ కంకరకు పది శాతం వరకు సడలింపు ఉంది. మొదటి లారీ దిగగానే మీరే ఒక గంపెడు తీసి కడిగి, ఎండలో పరచి చూడండి. ఎర్రటి ఇటుక ముక్కలు, టైల్సు పెచ్చులు కనిపిస్తే అది కలగలుపుది, నేల బెడ్డుకు తప్ప దేనికీ వద్దు; తెల్లటి పీఓపీ కనిపిస్తే బెడ్డుకు కూడా వద్దు. ముక్కలన్నీ బూడిద రంగులో ఉండి, రాయి అంచులు బయటికి కనబడుతుంటే ఒక సంచిలో నింపి దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ప్రయోగశాలకో, గుర్తింపు ఉన్న టెస్టింగ్ ల్యాబుకో పంపండి. ఫలితం వచ్చేదాకా రెండో లారీకి ఆర్డరు ఇవ్వకండి.